పంతొమ్మిది అంకెల్లో చివరిది

శకుంతలమ్మగారు పదకొండేళ్ళలో నూట ముప్పై ఏడు సినిమాల్లో నటించారు. ఒక్కదాంట్లోనూ నోరు విప్పలేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీది ముసలామె, పెళ్ళిలో అక్షింతలు వేసే పేరంటాలు, కోర్టులో తీర్పు విని తలాడించే జనంలో ఒకరు, హీరో తాతగారు పోయినప్పుడు చుట్టూ చేరి ఏడ్చే ఆడవాళ్ళలో ఎడమ నుంచి మూడో ఆవిడ. ఈ లెక్క ఆవిడ చెప్పిందే. మా ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా చేసిన సినిమాలకు నాలుగు కలిపి చెప్పుకుంటారు. ఈవిడ మాత్రం ఎడిటింగులో తన మొహం ఎగిరిపోయిన వాటిని తీసేసి మరీ చెప్పేవారు.

సినిమాల్లోకి రాకముందు ఇరవై ఆరేళ్ళు యూసుఫ్‌గూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పారు. బడి మూతపడింది. ఆ రోజుల్లోనే ఆవిడ భర్త నర్సింహగారికి మోకాళ్ళు పోయాయి. ఆయన లైట్‌మన్. ముప్పై ఏళ్ళు బరువైన లైట్లు మోస్తూ నిచ్చెనలెక్కిన మనిషి ఇంట్లో కూర్చోగానే, తెలిసిన ఏజెంటు ఒకడు టీచరమ్మ పేరును జూనియర్ ఆర్టిస్టుల జాబితాలో రాసుకున్నాడు. "ఏం జెయ్యాలె?" అని ఈవిడ అడిగితే, "ఏం జెయ్యొద్దమ్మా, నిలవడాలె" అన్నాడట. అలాగే నిలబడ్డారు.

నేనొక డైలాగ్ రైటర్ దగ్గర అసిస్టెంటుని. ఊరు పాలకొల్లు దగ్గర, గది మధురానగర్‌లో. ఈ కథలో నేను చేసిందల్లా రెండుసార్లు నోరు మూసుకోవడం, రెండుసార్లు ఫోన్ చెయ్యడం. కాబట్టి నా సంగతి ఇంతటితో చాలు.

ఆవిడకు ఒక అలవాటుండేది. షేరింగ్ ఆటో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఆగినప్పుడల్లా పక్కన నిలిచిన కార్ల నంబర్లను భాగిస్తూ కూర్చునేవారు. 1809, 7002, 4446. ఈ కొండ మీద పెద్ద కారన్న ప్రతిదానికీ నంబరు కూడితే తొమ్మిది రావాలి, రాకపోతే ఓనర్‌కి నిద్రపట్టదు. కూడితే తొమ్మిది వచ్చే సంఖ్య ఏదైనా తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. "గిన్ని కోట్ల కార్లల్ల ఒక్క ప్రధాన సంఖ్య లేదు బిడ్డా. ప్రధాన సంఖ్య గావాల్నంటే అన్నం డబ్బాలు మోసే పోరల స్కూటర్లు జూడాలె" అని ఒకసారి నాతో అన్నారు. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా పోని దాన్ని ప్రధాన సంఖ్య అంటారని ఏడో తరగతిలో మనమందరం చదివాం, ఎనిమిదిలో మరిచిపోయాం. ఆవిడకు ఆ వెసులుబాటు లేదు. ఏటేటా మళ్ళీ ఏడో తరగతికి వెళ్ళాల్సిన ఉద్యోగం కదా.

ఇక ఆ సినిమా. అందులో హీరోయిన్ లెక్కల పరిశోధకురాలు. విలన్ దాచిన రహస్యానికి తాళంచెవి ఒక పెద్ద ప్రధాన సంఖ్య. ఇంటర్వెల్‌కి ముందు పెద్ద సభ, వేదిక మీద నల్లబల్ల, దాని మీద ఆ సంఖ్య. ఒక ముసలి ప్రొఫెసరమ్మ లేచి దాన్ని అంకె అంకెగా చదివి, "ఈ సంఖ్యను ఎవరూ భాగించలేరు. ఇది ప్రధాన సంఖ్య" అని ప్రకటించాలి. సంఖ్యను వెతికి తెచ్చింది నేనే. 2305843009213693951. అరవై ఒక్క రెండులను గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. ఉత్తినే నోటికొచ్చిన అంకెలు రాసెయ్యమన్నారు మా గురువుగారు. నాకెందుకో మనసొప్పక ఒక పూట కూర్చుని నిజమైనదే పట్టుకొచ్చాను. అదే నేను జీవితంలో చేసిన పాపమని తరవాత చాలాసార్లు అనిపించింది.

ప్రొఫెసర్ వేషానికి పిలిచిన నటి ఇంకో ఊళ్ళో షూటింగ్ తెమలక రాలేకపోయింది. డైరెక్టర్ సిద్ధార్థ వేరే ముగ్గురి చేత చదివించి చూశాడు. ముగ్గురూ పదో అంకె దగ్గరే తడబడ్డారు. "ఎవరైనా చదవగలరా అసలు?" అని మైకులో విసుక్కున్నాడు. సభికుల మూడో వరసలోంచి, బళ్ళో పిల్లలెత్తినట్టు, ఒక చెయ్యి లేచింది.

"రెండు, మూడు, సున్నా, ఐదు, ఎనిమిది, నాలుగు, మూడు, సున్నా, సున్నా, తొమ్మిది, రెండు, ఒకటి, మూడు, ఆరు, తొమ్మిది, మూడు, తొమ్మిది, ఐదు, ఒకటి." ఒక్కచోట తొట్రుపాటు లేదు. నాలుగు వందల మంది ఉన్న స్టూడియో ఫ్లోరు ఆ కాసేపూ క్లాసురూములా అయిపోయింది.

"అమ్మా, మీరేం చేస్తుంటారు?" అన్నాడు సిద్ధార్థ.

"జూనియర్ ఆర్టిస్టును సార్. ముంగట లెక్కల టీచర్ను."

"ఇంకేం! రేపు ప్రొఫెసర్ మీరే. డబ్బింగ్ కూడా మీ గొంతే. చాలా నేచురల్‌గా ఉంది."

బయటివాళ్ళకు ఇది ఎంత సంగతో తెలియదు. మా దగ్గర సినిమాలో మాట ఉన్నవాళ్ళకు కుర్చీ వేస్తారు, లేనివాళ్ళు మెట్ల మీదో నేల మీదో కూర్చుంటారు. మాట ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు, లేనివాళ్ళను చీర రంగు చెప్పి పిలుస్తారు. పదకొండేళ్ళు పచ్చ చీరగా, నీలం చీరగా బతికిన మనిషిని ఆ మధ్యాహ్నం ప్రొడక్షన్ వాళ్ళు "శకుంతలమ్మగారూ, టీ తీసుకోండి" అన్నారు. ఆవిడ కుర్చీ అంచున, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆవిడ కన్నా నర్సింహగారి సంబరం ఎక్కువ. సాయంత్రానికల్లా యూసుఫ్‌గూడలో వాళ్ళ గల్లీ అంతా తిరిగి, "మా ఆమె మాట్లాడుతుంది సినిమాల. తెర మీద ఆమె గొంతే ఇనబడతది" అని చెప్పి వచ్చారు. ఆ మోకాళ్ళతో.

ఆ రోజే ఆవిడ నన్ను పట్టుకుని, ఇంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అని ఎవరు చెప్పారని నిలదీశారు. అరవై ఒక్క రెండుల సంగతీ, నూట నలభై ఏళ్ళ కిందట రష్యాలో ఒక పల్లెటూరి చర్చి గురువు నిరూపించాడన్న సంగతీ చదివింది చదివినట్టు చెప్పాను.

"కంప్యూటర్ లేకుంటనా? చేతితోనా?"

"చేతితోనే అండీ."

"చేతితోనా!" అని మళ్ళీ అన్నారు. కళ్ళు మెరిశాయి. "అయితే దీన్నుంచి పరిపూర్ణ సంఖ్య గూడ కట్టొచ్చు. ఆరు జూడు, దాని భాజకాలు ఒకటి, రెండు, మూడు. కూడితే మల్ల ఆరే. ఇరవై ఎనిమిది గూడ గంతే. పిల్లలకు గా రెండే చెప్పేదాన్ని. గిసోంటిది ఒకటి ఉంటదని నాకు తెల్వకపాయె." మర్నాటికి ఆ పంతొమ్మిది అంకెలూ ముందు నుంచీ వెనక నుంచీ నోటికొచ్చేశాయి.

మర్నాడు పొద్దున్నే నిర్మాతగారు న్యూమరాలజిస్టు తిరుమలేశ్‌గారిని వెంటబెట్టుకుని సెట్‌కి వచ్చారు. నిర్మాతగారి ఇంటి నంబరు కూడితే తొమ్మిది, ఫోన్ నంబరు తొమ్మిది, కార్లు నాలుగూ తొమ్మిదే. తిరుమలేశ్‌గారు నల్లబల్ల ముందు నిలబడి వేళ్ళ మీద కూడారు. "డెబ్బై మూడు. ఏడూ మూడూ పది. అంటే ఒకటి. ఒకటి మనకి పడదండీ. సినిమాకి ప్రాణంలాంటి నంబరు ఇది, తొమ్మిదిలోకి రావాలి. చివర ఒకటి తీసేసి తొమ్మిది పెట్టండి, ఎనభై ఒకటి అవుతుంది. దివ్యంగా ఉంటుంది."

దివ్యంగానే ఉంటుంది. కాకపోతే అప్పుడది తొమ్మిదితో పోతుంది. దేన్ని ఎవరూ భాగించలేరని సినిమా అంతా చెబుతున్నామో, దాన్ని ఏడో తరగతి పిల్ల భాగించేస్తుంది. ఈ ముక్క నాకు ఆ క్షణంలోనే తెలుసు. కార్ల కథ విన్నవాణ్ణి కదా. సిద్ధార్థ నా వైపు చూసి, "ఒక్క అంకే కదా, ప్రాబ్లమ్ ఏం లేదుగా?" అన్నాడు. లేదన్నాను. నిర్మాతతో పేచీ పెట్టుకుని నిలిచిన అసిస్టెంటును నేను ఇంతవరకూ చూడలేదు. పెయింటర్ వచ్చి ఒకటిని తుడిచి తొమ్మిది రాశాడు.

చివరి అంకె మారిందని ఆవిడకు చెప్పే పనీ నామీదే పడింది. విని, బల్ల వైపు తిరిగి, పెదాలు కదిలించకుండా ఒక్క నిమిషం చూశారు.

"బిడ్డా, ఇది తొమ్మిదితోటి పోతది."

"తెలుసండీ."

"తెలుసా? తెల్సి ఊకున్నవా?"

నేను కాగితంలో చివరి అంకె దిద్ది ఆవిడ చేతిలో పెట్టాను.

"ఒకటి ఉన్నప్పుడు ప్రధాన సంఖ్యనా కాదా అన్నది నాకు తెల్వది. ఎవరో గొప్పాయన నిరూపించిండన్నవ్, నమ్మిన. గీ తొమ్మిది సంగతి ఎవరో చెప్పుడేంది, నాకే తెలుసు. ఇరవై ఆరేండ్లు చెప్పిన లెక్క అబద్ధమని నా నోటితోటి ఎట్ల జెప్పాలె?"

"ఇది సినిమా అండీ. సినిమాలో చచ్చిపోయినవాడు నిజంగా చచ్చిపోతాడా?"

"వాడు లేచి ఇంటికి పోతడు. లెక్క ఎటు పోతది?" అన్నారు. ఈలోగా ఆవిడను షాట్‌కి పిలిచేశారు.

తెల్లచీర, కళ్ళజోడు, మెడలో శాలువా. క్లాప్ కొట్టారు. ఆవిడ లేచి చదవడం మొదలుపెట్టారు. పద్దెనిమిదో అంకె వరకూ బల్ల మీద ఉన్నట్టే. పంతొమ్మిదోది దగ్గర ఒక్క రవ్వ ఆగి, నిక్కచ్చిగా, "ఒకటి" అన్నారు. "ఈ సంఖ్యను ఎవరూ భాగించలేరు. ఇది ప్రధాన సంఖ్య." సిద్ధార్థ "ఓకే! సూపర్!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు, షాట్‌లో కొట్టాల్సినవి కాక ఇంకో విడత. బల్ల మీద తొమ్మిది ఉంటే నోట్లోంచి ఒకటి వచ్చిందని ఎవరికీ పట్టలేదు. పంతొమ్మిది అంకెలను చివరి దాకా వినే ఓపిక ఉన్న మనిషి ఆ ఫ్లోరు మీద ఇంకొకరు లేరు. నేను విన్నాను. ఈసారి నోరు మూసుకున్నందుకు మాత్రం నాకు సిగ్గనిపించలేదు.

సినిమాలో సెట్ మీది గొంతు తెర మీదికి రాదు. అక్కడ పంకాల హోరు, జనం గోల. అందుకని నటులు తరవాత డబ్బింగ్ థియేటర్‌కి వచ్చి, తెర మీద తమ పెదాలను చూస్తూ అవే మాటలు మళ్ళీ చెప్తారు. రెండు నెలల తరవాత ఫిల్మ్‌నగర్‌లోని ఒక థియేటర్‌కి శకుంతలమ్మగారు ఆ పని మీద వచ్చారు. కొత్త నేతచీర కట్టుకున్నారు, తెర మీదికి గొంతే తప్ప చీర రాదని తెలిసినా. నర్సింహగారు తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల సౌండ్ ఇంజనీర్ క్రాంతికుమార్, డబ్బింగ్ చూసుకోవడానికి నేను.

నా చేతిలోని కాగితంలో చివరి అంకె తొమ్మిది. ఆవిడ మైకు ముందు మళ్ళీ ఒకటే అన్నారు. క్రాంతికుమార్ ఆపాడు. "అమ్మా, బోర్డు మీద తొమ్మిది ఉన్నది గదా" అని తెర మీది బొమ్మను వెనక్కి తిప్పాడు. మూడుసార్లు చూశాడు. "తొమ్మిది అంటే 'మ్మి' కాడ పెదాలు కల్వాలె. గీడ కలుస్తలేవు. షూటింగ్ల గూడ ఒకటే అన్నవా ఏంది?"

ఆవిడ దాచలేదు. "అన్న. తొమ్మిది అంటే అది అబద్ధమైతది."

క్రాంతికుమార్ మంచివాడు, లెక్కల్లో మాత్రం నాలాంటివాడు. అతనికి అర్థమయ్యేలా ఆవిడ బల్ల మీదున్న టిఫిన్ ప్లేటు చూపించారు. "పది ఇడ్లీలు తొమ్మిదిమందికి పంచితే ఎన్ని మిగుల్తయ్? ఒకటి. వంద పంచితే? తొంభై తొమ్మిది సాఫ్ అయితయ్, మల్ల ఒకటే. వెయ్యి పంచినా ఒకటే, కోటి పంచినా ఒకటే. అంటే రెండు కోట్లుంటే రెండు మిగుల్తయ్, మూడు వేలుంటే మూడు. గందుకే అంకెలు కూడితే చాలు, మిగిలినయన్ని కూడినట్టే. గీ బోర్డు మీదున్నయి కూడితే ఎనభై ఒకటి. ఎనభై ఒక్క ఇడ్లీలు తొమ్మిదిమందికి పంచు, తలా తొమ్మిది. ఒక్కటి మిగలదు." సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "ఇంట్ల పూర్తిగ జేసి చూసిన. తొమ్మిదితోటి పొయ్యి, మల్ల మూడుతోటి గూడ పోయింది. 85401592933840517 కాడ ఆగింది. ఎవ్వరూ భాగించలేరంట! నేనే భాగించిన గదా."

"కరెక్టే" అన్నాడు క్రాంతికుమార్ నా వైపు తిరిగి. ఇప్పుడేం చేద్దామన్నట్టు చూశాడు.

సిద్ధార్థకి ఫోన్ చేశాను. ఆవిడ చెప్పేది నిజమేనని సగం వాక్యం అన్నాను కూడా. "నంబరు ట్రైలర్‌లో వెళ్ళిపోయింది. పాటలో ఉంది, పోస్టర్ మీద ఉంది. ఇప్పుడు మార్చడమేంటి?" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. "చివరి అంకె దగ్గర ఆవిడ మొహం తీసేసి బోర్డు వేస్తాం, లిప్ సమస్య పోతుంది. ఆవిణ్ణి తొమ్మిది చెప్పమను. చెప్పనంటే పద్మప్రియని పిలిపించు. పది నిమిషాల పని."

పద్మప్రియ డబ్బింగ్ ఆర్టిస్టు. తల్లులకూ అత్తలకూ ప్రొఫెసర్లకూ అన్నిటికీ ఆమె గొంతు అతుకుతుంది.

ఆ మాట అలాగే ఆవిడకు చెప్పాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు. "మీరే చెప్తే మీ గొంతు ఉంటుందండీ. లేకపోతే మొహం మీది, గొంతు ఇంకొకరిది. ఒక్క అంకె, ఒక్క వాక్యం. థియేటర్లో ఎవరు కూడతారు చెప్పండి?"

"కూడేటోళ్ళు కూడుతరు."

తలుపు అద్దంలోంచి నర్సింహగారు కనిపిస్తున్నారు. పక్కన కూర్చున్న డ్రైవర్‌కి ఏదో చేతులూపుతూ చెబుతున్నారు. ఏం చెబుతున్నారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. శకుంతలమ్మగారు అటు చాలాసేపు చూశారు. నీళ్ళు అడిగి సగం గ్లాసు తాగారు. మైకు దగ్గరికి ఒక అడుగు వేశారు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది, చెప్పేస్తారనుకున్నాను. ఆవిడ మైకు మీద వేలాడుతున్న హెడ్‌ఫోన్ తీగను చక్కగా చుట్టి బల్ల మీద పెట్టారు.

"పిలువు బిడ్డా, ఆమెను పిలువు" అన్నారు. "జర ఆయనకు మాత్రం చెప్పకు."

నేను పద్మప్రియకి ఫోన్ చేశాను. నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. బాగా చెప్పింది కూడా, ఆవిడ కన్నా బాగా అన్నా తప్పులేదు.

సినిమా విడుదలైన రోజు ఉదయం ఆటకు వాళ్ళ గల్లీ నుంచి పద్దెనిమిదిమంది వచ్చారు. నర్సింహగారు నన్నూ రమ్మన్నారు. ఇంటర్వెల్ ముందు ఆ సభ వచ్చింది. తెర నిండా శకుంతలమ్మగారి మొహం. గల్లీ వాళ్ళు ఈలలు వేశారు. ఆ మొహంలోంచి పద్మప్రియ గొంతు, "రెండు, మూడు, సున్నా" అంటూ మొదలైంది. ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివర బోర్డు, తొమ్మిది, మళ్ళీ మొహం, "ఇది ప్రధాన సంఖ్య." దీపాలు వెలిగాక నర్సింహగారు సినిమావాళ్ళందరినీ వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టారు. "గొంతు మార్చిన్రు! నా పెండ్లాం గొంతుకేమైంది? ముప్పై ఏండ్లు లైట్లు మోసిన, గీ పాటి మర్యాద లేకపాయె." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, అంతే.

అప్పుడు వెనక వరసల్లోంచి ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకామె దిగివచ్చింది. పేరు మనోజ్ఞ, బ్యాంకులో ఉద్యోగం, ఒకప్పుడు శకుంతలమ్మగారి దగ్గర ఏడో తరగతి. కాళ్ళకు దండం పెట్టి, మొహమాటంగా అంది, "టీచర్, ఒకటి అడగనా? ట్రైలర్ ఆపి ఆ నంబరు కూడిన. ఎనభై ఒకటి వచ్చింది. తొమ్మిదితోటి పోతది గదా. మీరెట్ల ఒప్పుకున్నరు?"

ఆవిడ మొహంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు, కుర్చీ వేసిన రోజు కూడా. "ఎన్నిసార్లు కూడినవ్?"

"రెండుసార్లు టీచర్. ముంగట నుంచి ఒకసారి, ఎనక నుంచి ఒకసారి. మీరు గట్లనే చెయ్యమంటుంటిరి."

"గా మాట నేను చెప్పలే. గొంతు నాది కాదు బిడ్డా. చెప్పుమన్నరు, చెప్పనన్న."

"గొంతు మీది కాదని మొదటి అంకెకే తెల్సింది టీచర్. మరి ఎందుకు మార్చిన్రా అనుకున్న" అని ఆ అమ్మాయి ఇంకేదో అనబోయి, నర్సింహగారి మొహం చూసి ఆగిపోయింది.

ఆయన తిట్లు ఆపేసి భార్య వైపు చూస్తున్నారు. "నువ్వే వద్దన్నవా?"

ఆవిడ తలూపారు.

"నేను గా బెంచీ మీదనే ఉంటి గదా. ఒక్క మాట నన్ను అడగకపోతివి?"

"అడిగితే నువ్వు చెప్పుమంటుంటివి" అన్నారావిడ.

"అంటుంటి" అన్నారు నర్సింహగారు.

"నువ్వు చెప్పుమంటే నేను చెప్పేదాన్ని. గందుకే అడగలే."